తెప్ప, పుట్టి, దోనె, నావ, ఓడ: ఏ మాట ఎక్కడ వాడాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, చదివేవాళ్ళకు తెలియడానికి. హైదరాబాద్‌లో బడిపిల్లల కోసం పడవల మీద బొమ్మల పుస్తకం రాస్తున్నారు. పడవ, నావ, ఓడ, తెప్ప, పుట్టి, దోనె, లాంచి, పంటు, బల్లకట్టు, వీటికి తేడా ఏమిటి, అన్నిటికీ పడవ అనేస్తే సరిపోదా అని అడిగారు. కాటమరాన్, బార్జి, డింగీ, యాట్, కయాక్ లాంటివాటికి తెలుగులో ఏం రాయాలన్నది రెండో ప్రశ్న.

పడవ అని రాస్తే చాలాచోట్ల తప్పు పట్టేవాళ్ళు ఉండరు. కానీ తెప్పనూ పంటునూ పడవ అంటే వాటి మీద బతికేవాళ్ళు ఒప్పుకోరు. దానికి గట్టి కారణమే ఉంది. తెలుగులో ఈ పేర్లు చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి వచ్చినవి కావు. అది దేనివల్ల తేలుతోంది, ఎలా కట్టారు, ఏ నీళ్ళలో తిరుగుతుంది, వీటిని బట్టి వచ్చాయి. పేరు సరిగ్గా తెలిస్తే అది ఎలా మునుగుతుందో కూడా తెలిసిపోతుంది. పిల్లల పుస్తకంలో ఈ రెండో సంగతి తప్పకుండా ఉండాలి.

నీళ్ళ మీద తేలేవి రెండే రకాలు. ఒకటి, వస్తువే నీటికన్నా తేలిక కాబట్టి తేలేది. రెండోది, లోపల ఖాళీ ఉంది కాబట్టి తేలేది. మొదటిది తెప్ప. మిగతావన్నీ దాదాపు రెండోదే.

తెప్ప అంటే దుంగలో వెదురుబొంగులో అరటిబోదెలో పక్కపక్కన పేర్చి తాడుతో బిగించి కట్టింది. దానికి లోపల అంటూ ఏమీ లేదు. అందుకే తెలుగులో ‘పడవలో కూర్చున్నాడు’ అంటాం, ‘తెప్ప మీద కూర్చున్నాడు’ అంటాం. ‘తెప్పలోకి నీళ్ళు చేరి మునిగింది’ అని రాస్తే అది తప్పు వాక్యం. తెప్పకు నీళ్ళు నిండే చోటే లేదు. తెప్ప పాడయ్యేది మూడు రకాలుగా: కట్టు ఊడిపోతుంది, బరువు ఎక్కువవుతుంది, లేదా రోజుల తరబడి నీళ్ళలో నాని దుంగలు బరువెక్కుతాయి.

లెక్క వేసి చూడండి. నీటిలో సగం బరువుండే ఎండిన కర్ర, 20 సెంటీమీటర్ల మందం, 4 మీటర్ల పొడవున్న దుంగ తీసుకుంటే దాని ఘనపరిమాణం సుమారు 126 లీటర్లు, బరువు 63 కిలోలు. అంటే ఒక్కో దుంగ తన బరువు పోను మరో 63 కిలోలు మోస్తుంది. అలాంటి దుంగలు ఐదు కడితే పూర్తిగా మునిగే అంచుకు రావడానికి 315 కిలోలు పడుతుంది. నడపడానికి అందులో సగానికి మించి పెట్టకూడదు. అదే దుంగలు పచ్చివో నానినవో అయితే ఈ లెక్క సగానికి సగం పడిపోతుంది. సముద్రం మీద తెప్పతో వేటకు వెళ్ళొచ్చినవాళ్ళు ఒడ్డున కట్లు విప్పి దుంగల్ని ఎండబెట్టేది ఇందుకే. పుస్తకంలో ఆ బొమ్మ ఒకటి వేయించండి: ఇసుక మీద విడివిడిగా ఆరుతున్న దుంగలు, పక్కన చుట్టిపెట్టిన తాడు. తెప్ప అంటే ఏమిటో ఆ ఒక్క బొమ్మే చెప్పేస్తుంది.

ఉత్తరాంధ్ర తీరంలో అల విరిగే చోట తెప్ప ఎందుకు నిలిచిందంటే, మీద పడ్డ నీళ్ళు దుంగల సందుల్లోంచి జారిపోతాయి. తోడిపోసే పని లేదు. తమిళంలో దీన్నే కట్టుమరం అంటారు, కట్టిన మాను అని. ఇంగ్లీషు ‘కాటమరాన్’ అక్కడి నుంచి వెళ్ళిందే. కానీ ఇంగ్లీషులో ఇప్పుడు ఆ మాటకు అర్థం మారిపోయింది. పక్కపక్కన రెండు సన్నటి పడవల్ని పైన వంతెనలా కలిపిన దాన్ని వాళ్ళు కాటమరాన్ అంటున్నారు. దానికి లోపల ఖాళీ ఉంటుంది, తెప్పకు ఉండదు. కాబట్టి ఇంగ్లీషు పుస్తకంలో కాటమరాన్ కనిపించగానే కట్టుమరం అనో తెప్ప అనో దించకండి. ముందు బొమ్మ చూడండి. రెండు పడవలు కనిపిస్తే జంట పడవ అనండి, దుంగలు కనిపిస్తే తెప్ప అనండి. తెలుగు అనువాదాల్లో నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. ఇంకో చిక్కు: తీరంలో ఇప్పుడు ఫైబర్‌తో పోసిన, ఇంజన్ బిగించిన పడవల్ని కూడా ‘ఫైబర్ తెప్ప’ అనేవాళ్ళున్నారు. అది పాత పేరు కొత్త వస్తువుకు అతుక్కోవడం. వాళ్ళ నోట అది సరైన మాటే, మీ పుస్తకంలో మాత్రం వివరం ఇవ్వకుండా వాడొద్దు.

మన చుట్టుపక్కల చెరువుల్లో వల వేసేవాళ్ళు థర్మాకోల్ దిమ్మెల్ని పట్టాలో చుట్టి కట్టుకుంటారు. అదీ తెప్పే, పేరు అక్షరాలా సరిపోతుంది. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల మందమున్న దిమ్మె నీళ్ళలో పూర్తిగా మునగాలంటే సుమారు 590 కిలోలు కావాలి. డెబ్బై కిలోల మనిషి ఎక్కితే నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది, అంతే. దాని ప్రమాదం మునగడంలో లేదు, బోర్లా పడటంలో ఉంది. దిమ్మె అంతా నీటిపైనే ఉంటుంది, మనిషి దానికీ పైన ఉంటాడు, అంచు మీదికి వంగి వల లాగితే తిరగబడుతుంది. మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోవాలి, నిలబడకూడదు. ఇంకొకటి చాలామందికి తెలియదు: పెట్రోలు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. పెట్రోలు డబ్బాను దాని మీద పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది.

తెప్ప అన్న మాట గుడిలోనూ ఉంది. భద్రాచలంలో వైకుంఠ ఏకాదశి ముందురోజు సీతారాములను గోదావరిలో హంస వాహనం మీద తిప్పేది తెప్పోత్సవమే. అడుగున ఉన్నది లాంచి అయినా పేరు తెప్పోత్సవమే, దాన్ని మార్చే పని పెట్టుకోకండి. ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’ అన్న సామెత కూడా పిల్లలకు చెప్పండి. తెప్ప కాబట్టే తగలేయగలిగారు. అది ఎండు కర్రల కట్ట.

ఇక పుట్టి. దీని దగ్గర కాస్త ఆగాలి. తెలంగాణ పిల్లలు కృష్ణ ఒడ్డున, తుంగభద్ర ఒడ్డున, శ్రీశైలం జలాశయం వెనక నీళ్ళలో ఎప్పుడైనా చూడగలిగేది ఇదే. గుండ్రటి బుట్ట పడవ. కావ్యభాషలో హరిగోలు, అరిగోలు అన్నా ఇదే. ధాన్యం కొలతకూ పుట్టి అనే పేరుంది, 20 తూములు ఒక పుట్టి. రెండూ వేరని పుస్తకంలో ఒక్క ముక్క చెప్పండి, లేకపోతే ‘పుట్టెడు వడ్లు’ అన్నచోట పిల్లలు పడవను ఊహించుకుంటారు.

పుట్టి అల్లే తీరు ఇదీ. వెదురును నిలువునా చీల్చి వెడల్పాటి బద్దలు తీస్తారు. నేల మీద వాటిని మూడు దిక్కుల్లో ఒకదాని కింద నుంచి ఒకటి పోనిస్తూ, మధ్యలో ఆరు మూలల కళ్ళు పడేలా అడుగు అల్లుతారు. రెండు దిక్కుల అల్లికకన్నా ఇది గట్టిది, ఎటు నొక్కినా బద్దలు పక్కకు జరగవు. అడుగు పూర్తయ్యాక మధ్యలో రాళ్ళ బరువు పెట్టి బద్దల కొసల్ని పైకి వంచి, చుట్టూ వెదురు పట్టీలు పోనిచ్చి అంచు కడతారు. అంచు మిగతా అల్లికకన్నా మందంగా ఉండాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బరువంతా దాని మీదే పడుతుంది. పూర్వం బయట తోలు కప్పేవాళ్ళు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలో సంచులో కుట్టి తొడిగి, పైన వేడి తారు పూస్తారు. తారు మరీ పల్చగా పూస్తే ఎండకు చిట్లుతుంది, మరీ దళసరిగా పూస్తే పుట్టి బరువెక్కి ఒక్కడు మోయలేడు.

చెడిపోయేదంతా అడుగునే. ఒడ్డున రాళ్ళ మీద ఈడిస్తే తారు గీసుకుపోయి పట్టా చిరుగుతుంది. అందుకే పుట్టిని ఈడవరు, బోర్లించి నెత్తిన పెట్టుకుని మోస్తారు. వాడనప్పుడు నీళ్ళలో వదలరు, నీడలో బోర్లించి పెడతారు. లోపల నీళ్ళు నిలిస్తే వెదురు కుళ్ళుతుంది, పైకి బాగానే కనిపిస్తూ కాలు పెట్టినచోట దిగబడుతుంది. కొనేటప్పుడు లోపలి నుంచి అడుగు బద్దల్ని బొటనవేలితో నొక్కి చూడాలి. మెత్తగా తగిలితే వద్దు.

పుట్టికి ముందూ వెనకా లేదు, చుక్కాని లేదు. పడవ నడిపినట్టు పక్కన తెడ్డు వేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. నడిపేవాడు వెళ్ళాల్సిన దిక్కుకు ముఖం పెట్టి అంచుదగ్గర కూర్చుని, తెడ్డును ముందుకు చాచి నీటిని తనవైపు లాక్కుంటాడు. కుడికీ ఎడమకూ కొద్దిగా తిప్పుతూ లాగుతాడు కాబట్టి పుట్టి తిరగకుండా ముందుకు జరుగుతుంది. 2 మీటర్ల అడ్డకొలత ఉన్న పుట్టి సుమారు 30 కిలోలకు ఒక సెంటీమీటరు దిగుతుంది. అడుగు గిన్నెలా ఉంటుంది కాబట్టి మొదట్లో ఇంకాస్త ఎక్కువే దిగుతుంది. ముగ్గురు ఎక్కితే ఎదురెదురుగా మూడు మూలలా సర్దుకుని కూర్చోవాలి. ఇద్దరు ఒకే పక్కకు జరిగితే అంచు నీళ్ళకు తాకుతుంది. సోమశిల వైపు కృష్ణ దాటేచోట లాంటి వెడల్పాటి నీళ్ళలో గాలి లేస్తే పుట్టి గాలి ఎటు తోస్తే అటు పోతుంది, తెడ్డుతో ఆపడం కష్టం. దానికి తగినది నెమ్మదైన నీరు.

దోనె అంటే తొలిచింది. ఒకే మానును తొలిచి చేసిన పడవ. కొల్లేటిలో వాడే తాటిదోనె చూస్తే బాగా అర్థమవుతుంది. తాటిచెట్టు మొదలు లావుగా ఉబ్బి ఉంటుంది. ఆ భాగాన్ని కోసి, పైకి గట్టిగా ఉండే చేవను ఉంచి, లోపలి మెత్తని పీచును తోడేస్తారు. ఒక్కటే అయితే దొర్లుతుంది కాబట్టి రెండింటిని పక్కపక్కన కట్టడం కూడా ఉంది. లోతు తక్కువ, బురద ఎక్కువ ఉన్న నీళ్ళకు గడతో తోసుకుపోవడానికి అది సరిపోతుంది. పశువులకు నీళ్ళు పోసే తొట్టినీ దోనె అంటాం, కారణం అదే, రెండూ తొలిచినవే. ఇంగ్లీషు పుస్తకాల్లో డగౌట్, కెనూ అని కనిపించేవాటికి ఇది సరైన మాట. కయాక్ మాత్రం వేరు. దానికి పైన మూత ఉంటుంది, మనిషి నడుం దిగే కన్నం ఉంటుంది, తెడ్డుకు రెండు వైపులా రేకు ఉంటుంది. దాన్ని కయాక్ అనే రాయండి. దుర్గం చెరువులో పిల్లలు ఆ పేరుతోనే వింటున్నారు, కొత్త మాట కల్పించి లాభం లేదు.

పలకలు కలిపి కట్టినదాన్నే అచ్చంగా పడవ, నావ అనాలి. నదుల్లో తిరిగే మామూలు కర్ర పడవను అందరూ నాటు పడవ అంటారు. కాకినాడ వైపు మత్స్యకారులకు నావ అంటే ఒక ప్రత్యేకమైన సముద్రపు పడవ. ఊరికే ‘నావ’ అంటే పాటల్లో పద్యాల్లో వినిపించే మాటే తప్ప ఏ రకమో చెప్పదు. కోస్తా తీరంలో మసూలా పడవ అని ఇంకోటి ఉండేది. దాని పలకలకు మేకులు కొట్టరు, కొబ్బరిపీచు తాడుతో కుడతారు. లోపల పక్కటెముకల్లాంటి అడ్డకొయ్యలు కూడా ఉండవు. అల వచ్చి ఇసుక మీద కుదేస్తే మేకులు కొట్టిన పడవ విరుగుతుంది, కుట్టిన పడవ వంగి మళ్ళీ సర్దుకుంటుంది. కుట్లు వదులైనచోట నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, తోడే మనిషి ఒకడు ఎప్పుడూ ఉండాలి.

పడవ భాగాలకు మనకు మంచి మాటలున్నాయి, వాటిని వదలొద్దు. ముందు ముక్కు అణియం, వెనక భాగం అమరం. అమరం మీద కూర్చుని తిప్పేది చుక్కాని. తోసేది గడ, వేసేది తెడ్డు, దించేది లంగరు, ఎత్తేది తెరచాప. లంగరు పారశీకం నుంచి, చుక్కాని అరబీ నుంచి వచ్చాయి. రెండూ ఓడలతోపాటు తీరానికి వచ్చి మన మాటలైపోయాయి. లాంచి నడిపే సరంగు కూడా పారశీక మాటే. తెరచాపలో చాప ఉంది చూడండి, గుడ్డ కన్నా ముందు ఏం కట్టేవాళ్ళో పేరే చెబుతోంది. రేవు దాటించినందుకు ఇచ్చే కూలికి ‘కేవు’ అనే మాట ఉండేది. ఇప్పుడు ఎవరూ అనరు, పుస్తకంలో ఒకచోట వాడితే బతుకుతుంది. పాతబస్తీలో పడవను కష్తీ అంటారని కూడా ఒక ముక్క రాయండి, చదివే పిల్లల్లో చాలామందికి అది ఇంటి మాట.

పడవలో ఎంతమంది ఎక్కవచ్చో పిల్లలకు లెక్కగా చూపించవచ్చు. 6 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు ఉన్న బల్లపరుపు అడుగు పడవ ఒక సెంటీమీటరు దిగడానికి 90 కిలోల నీటిని పక్కకు తోయాలి. రెండు కొసలూ సన్నబడతాయి కాబట్టి నిజంగా పడేది సుమారు 60, 65 కిలోలు. అంటే ఒక మనిషికి ఒక సెంటీమీటరు. ఇరవైమంది ఎక్కితే 20 సెంటీమీటర్లు దిగుతుంది. ఖాళీ పడవలో నీటి మీద 40 సెంటీమీటర్ల అంచు ఉందనుకుంటే ఇప్పుడు 20 మిగిలింది. నిశ్చలమైన నీళ్ళలో అది చాలనిపిస్తుంది. కానీ పక్క నుంచి లాంచి పోతే లేచే కెరటం, ఒకరు లేచి నిలబడితే వచ్చే ఒరుగు రెండూ కలిసి ఆ 20 సెంటీమీటర్లను తినేస్తాయి. ఒకసారి అంచు మీంచి నీళ్ళు లోపలికి దూకితే పని చేయి దాటినట్టే. అడుగున చేరిన నీళ్ళు ఊరికే ఉండవు, పడవ ఎటు ఒరిగితే అటు పరిగెత్తి ఆ పక్కనే ఇంకా కిందికి తోస్తాయి. మునిగిన పడవల్లో చాలావాటి కథ ఇదే: బరువు వల్ల నేరుగా కిందికి దిగలేదు, పక్కకు తిరగబడ్డాయి. కాబట్టి తోడటం అన్నది బట్టలు తడవకుండా చేసే పని కాదు, పడవను నిలబెట్టే పని.

లాంచి అంటే ఇంజన్, పైకప్పు ఉండి జనాన్ని ఎక్కించుకునే పెద్ద పడవ. హుస్సేన్ సాగర్‌లో లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దాకా తీసుకెళ్ళేవీ, నాగార్జునసాగర్‌లో నాగార్జునకొండకు వెళ్ళేవీ, పాపికొండలకు వెళ్ళేవీ లాంచీలే. పైన డెక్ ఉన్న లాంచీకి నాటు పడవకు లేని కష్టం ఒకటి ఉంది. జనం పైకి ఎక్కేకొద్దీ బరువు ఎత్తు మీదికి చేరుతుంది. ఫొటో కోసం అందరూ ఒకే రెయిలింగు దగ్గరకు వెళితే ఒరుగు పెరుగుతుంది. ఏటి వడిలో, సుడి ఉన్న మలుపుల్లో ఇంజన్ బలం చాలకపోతే లాంచి అడ్డం తిరుగుతుంది, అప్పుడు వడి పక్క నుంచి కొడుతుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచి మునిగింది వరద నీటి వడిలోనే. లైఫ్ జాకెట్ ఒడిలో పెట్టుకుంటే పనికిరాదు, రేవు వదలకముందే పట్టీలు బిగించుకోవాలి. పిల్లలకైతే కాళ్ళ మధ్య నుంచి పోయే పట్టీ కూడా ఉండాలి. లేకపోతే నీళ్ళలో జాకెట్ పైకి జారి మనిషి కిందికి జారతాడు. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 1917 నాటి పాత చట్టం స్థానంలోకి వచ్చింది. ఇంజన్‌తో నడిచే లోతట్టు జలాల పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ దాని కిందికే వస్తాయి.

పంటు, బల్లకట్టు, బార్జి ఒక కుటుంబం. అడుగు బల్లపరుపు, పైన కూడా బల్లపరుపు. బల్లకట్టు పేరులోనే ఉంది: రెండు పడవలు పక్కపక్కన నిలిపి పైన బల్లలు పరిచి కట్టింది. కృష్ణ రేవుల్లో బళ్ళనూ పశువులనూ మోటారు సైకిళ్ళనూ దాటించినది అదే. పంటు ఇంకా పెద్దది, లారీలు కూడా ఎక్కేది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ట గోదావరి మీద తిరిగే దాన్ని అందరూ పంటు అనే అంటారు. వీటిమీద బరువు ఎక్కించే వరస ముఖ్యం. మొదటి బండి ఒక కొసన ఆగిపోతే ఆ కొస దిగి అవతలి కొస లేస్తుంది, అందుకే బరువైనదాన్ని నేరుగా మధ్యకు తెచ్చి ఆపాలి, తేలికైనవాటిని తరవాత అంచులకు సర్దాలి. చక్రాల కింద ఆపు దిమ్మెలు పెట్టాలి, హ్యాండ్ బ్రేకు వేయాలి, మనుషులు బండి దిగి బయట నిలబడాలి. బల్లపరుపు అడుగు ఉన్నది కొద్దిగా ఒరిగినా వెనక్కి బాగా సర్దుకుంటుంది. కానీ బరువు జారడం మొదలైతే ఆ సర్దుబాటు ఒక్కసారిగా పోతుంది.

హైదరాబాద్‌కు దీని బరువు తెలుసు. 1990 మార్చి 10న ఏకశిల బుద్ధ విగ్రహాన్ని హుస్సేన్ సాగర్ మధ్యకు తీసుకెళ్తుంటే బార్జి ఒరిగి విగ్రహం నీళ్ళలో పడిపోయింది, పలువురు చనిపోయారు. రెండేళ్ళకు పైగా నీళ్ళ అడుగునే ఉన్న విగ్రహాన్ని బయటికి తీసి 1992 డిసెంబరు 1న సాగర్ మధ్యలో జిబ్రాల్టర్ రాక్ అని పిలిచే దిమ్మె మీద నిలబెట్టారు. ఆ సంఘటన గురించి రాసేటప్పుడు ‘పడవ మునిగింది’ అనకండి, ‘బార్జి ఒరిగింది’ అనండి. బార్జి అంటే సరుకు మోసే బల్లపరుపు తేలుగట్టు, మామూలుగా దాన్ని వేరే పడవ లాగుతుంది లేదా తోస్తుంది. తెలుగులో బార్జి అనే వాడుక స్థిరపడింది, అది చాలు.

ఓడ దగ్గర చిన్న చిక్కుంది. ఇప్పుడు ఓడ అంటే సముద్రం మీద పోయే పెద్దది. కానీ ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అంటాం. అక్కడ ఓడ ఏటి రేవు పడవే. ‘ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి’ అన్నదీ అందరూ ఎరిగిందే. అంటే పాత మాటలో ఓడకు సైజు పట్టింపు లేదు. చీరాల దగ్గర వాడరేవు పేరులో ఉన్నదీ ఆ ఓడే. ఓడకు పాత తెలుగులో కలము అని కూడా ఉంది. ఈ రోజు పిల్లలకు రాస్తున్నప్పుడు సముద్రపు దానికి ఓడ, సర్కారు, సైన్యం సందర్భంలో నౌక అని విడదీస్తే సరి: సరుకు ఓడ, యుద్ధనౌక, విమానవాహక నౌక. నీళ్ళ కింద పోయేది జలాంతర్గామి. ఓడల పేజీలో మూడు బొమ్మలు చాలు. రెండు తెరచాప స్తంభాల ఓడ ముద్రించిన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం ఒకటి. తుపానుకు ఒడ్డు చేరిన ఓడల సరుకును రాజులు లాక్కునే ఆచారాన్ని ఆపి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని కాకతి గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి అభయ శాసనం రెండోది, అది 13వ శతాబ్దపు నడిమి కాలానిది. 1948 మార్చిలో విశాఖలో నెహ్రూ నీళ్ళలోకి దింపిన ‘జల ఉష’ అనే ఓడ మూడోది.

గాలితో నడిచేవి పిల్లలు హుస్సేన్ సాగర్ మీదే చూడవచ్చు. జులైలో నైరుతి గాలి బలంగా వీచినప్పుడు తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. చిన్నపిల్లల పడవ ఆప్టిమిస్ట్: 2.3 మీటర్ల పొడవు, 35 కిలోలు, ముక్కు మొండిగా తొట్టిలా ఉంటుంది, పదిహేనేళ్ళ లోపు పిల్లలు ఒక్కరే నడుపుతారు. పెద్దవాళ్ళది లేజర్, ఇప్పటి పేరు ఐఎల్‌సీఏ: 4.2 మీటర్లు, సుమారు 59 కిలోలు, పెద్ద తెరచాప 7.06 చదరపు మీటర్లు. ఈ రెండూ డింగీలు, అంటే చిన్న పడవలు. డింగీ మన దేశపు మాటే, హిందీ, బెంగాలీల నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. యాట్ అంటే విహారానికో పోటీకో వాడే పడవ, దానికి పోటీ పడవ, విహార పడవ అని సందర్భాన్ని బట్టి రాయొచ్చు. ఏ తెరచాప పడవా గాలికి నేరుగా ఎదురు పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల వాలులో ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ మెలికలు తిరుగుతూ ఎదురెక్కుతుంది. అడుగున నిలువుగా దిగే పలక లేకపోతే అదీ కుదరదు, పక్కకు కొట్టుకుపోతుంది. సాగర్‌లో ఆ పలకకు గుర్రపుడెక్క చుట్టుకుంటే పడవ మొద్దులా ఆగుతుంది, పలకను పైకి లాగి దులిపి మళ్ళీ దించాలి. బోల్తా పడితే ఒడ్డుకు ఈదకూడదు, పడవను పట్టుకునే ఉండాలి. అడుగు వైపుకు వెళ్ళి ఆ పలక మీద నిలబడి వెనక్కి వాలితే పడవ లేస్తుంది.

రబ్బరు పడవను కూడా మరిచిపోవద్దు. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకి వైపు కాలనీల్లోకి వచ్చినవి ఇవే. గాలి గదులు వేర్వేరుగా ఉంటాయి, ఒకటి చిరిగినా మిగతావి మోస్తాయి. ఎండలో గట్టిగా గాలి కొట్టి వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి కుట్టు తెగుతుంది, చల్లటి నీళ్ళలోకి దించాక మెత్తబడుతుంది, మళ్ళీ కొట్టాలి. వీధి నీళ్ళలో ఇంజన్ పెట్టకపోవడమే మేలు. కనపడని డివైడరు, ఇనుప చువ్వ ఫ్యానుకు తగులుతాయి. గడతో లోతు చూసుకుంటూ తోసుకుపోవాలి.

బొమ్మలు వేసేవారికి చివరగా ఈ దిద్దుబాట్లు పంపండి. పుట్టికి చుక్కాని వేయొద్దు. తెప్పకు పక్కగోడలు వేయొద్దు, కూర్చున్నవాళ్ళ కాళ్ళు నీళ్ళకు తగులుతున్నట్టు వేయాలి. దోనెలో పలకల అతుకు గీతలు ఉండకూడదు, అది ఒకటే మాను. తెరచాపా, లాంచి మీది జెండా ఒకే వైపుకు ఎగరాలి, గాలి ఒకటే కదా. లైఫ్ జాకెట్లకు పట్టీలు బిగించి ఉండాలి.